మందు మీద మందు: ఒక రొయ్యల ఫారంలో యాంటీఆక్సిడెంట్లు ఎందుకు ఎదురు తిరిగాయి

ఈ కేసులో వాడిన మందుల్లో దేన్నీ విడిగా తప్పు పట్టలేం. రొయ్యకి విటమిన్ సి కావాలి, విటమిన్ ఇ కావాలి, సెలీనియం కూడా కావాలి. ఇవి యాంటీఆక్సిడెంట్లు, అంటే ఒంట్లో ఆక్సీకరణ వల్ల జరిగే నష్టాన్ని ఆపడానికి తోడ్పడేవి. అన్నీ పేరున్న సరుకే, అన్నిటి మీదా లేబుళ్లు ఉన్నాయి. అయినా చెరువులు నీరసించాయి. అందుకే దీన్ని రాసి పెడుతున్నాను. ఫారం ఎవరిదో పోల్చుకునే వివరాలు తీసేశాను. అంకెలు లెక్కకి అవసరమైన చోట మాత్రమే ఇచ్చాను.

నేపథ్యం

వనామి రకం రొయ్య సాగు, ఆరు మట్టి చెరువులు. అన్నిటిలో ఒకే హేచరీ సీడు (పిల్ల రొయ్యలు), ఒకే వారంలో స్టాకింగ్ (చెరువులో వదలడం). యజమాని ఈ పనికి కొత్తవారు కాదు. మేత రాయడం, చెక్ ట్రే (ఎంత మేత తిన్నాయో చూసే పళ్లెం) చూడటం, విసురు వలతో శాంపిల్ తీయడం అన్నీ క్రమంగా చేస్తారు. రికార్డు పుస్తకం కూడా బాగా రాస్తారు, ఈ కేసు తేలడానికి సగం కారణం ఆ పుస్తకమే.

ముందు పంటలో ఆయనకి జబ్బు వచ్చి మధ్యలోనే పట్టేయాల్సి వచ్చింది. ఆ టెన్షన్ ఈ పంటలోకి వచ్చింది. "ఈసారి జబ్బు వచ్చాక కాదు, రాకముందే కాచుకోవాలి" అని నిర్ణయించుకుని, మూడో వారం నుంచే ప్రతి పూట మేతకి మందులు పట్టించడం మొదలుపెట్టారు. కిలో మేతకి మామూలు విటమిన్ సి పొడి 10 గ్రాములు, విటమిన్ ఇ - సెలీనియం పొడి 5 గ్రాములు, లివర్ టానిక్ 5 గ్రాములు, మినరల్ మిక్స్ 10 గ్రాములు, పైన కాస్త రంగునిచ్చే అస్టాజాంథిన్. అన్నీ ఒకే బకెట్లో నీళ్లలో కలిపి మేత మీద చల్లి, అవి జారిపోకుండా చేపనూనె పట్టించి, ఆరబెట్టి వాడతారు. పొద్దున కలిపిన మేత సాయంత్రం మేపు దాకా సరిపోయేది.

కొన్న మేతలో ప్రీమిక్స్ (తయారీలోనే కలిపే మిశ్రమం) రూపంలో ఈ విటమిన్లూ సెలీనియం ముందే ఉన్నాయన్న సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

వచ్చిన సమస్య

రెండో నెల ముగిసేసరికి ఎదుగుదల మందగించింది. చెక్ ట్రేల్లో మేత మిగులుతోంది. పెంకు మెత్తబడి, వేలితో నొక్కితే లోపలికి పోతోంది, అంటే లూజ్ షెల్. హెచ్‌పీ (హెపటోపాంక్రియాస్, అంటే రొయ్య జీర్ణగ్రంథి) పాలిపోయి చిన్నదైంది. పేగులో మేత తెగి తెగి కనిపిస్తోంది. తెల్లవారుజామున గట్టు వారగా నాలుగైదు చనిపోయి తేలుతున్నాయి. ఒక్కరోజులో పెద్ద నష్టం కాదు గానీ ఆగడం లేదు.

ఒక్క రంగు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఉడికిస్తే ఎర్రగా మెరుస్తోంది. దాన్ని చూపించి "మందు పనిచేస్తోందనడానికి ఇదే సాక్ష్యం కదండీ" అన్నారు యజమాని. ఆ మాట ఎందుకు తప్పుదోవ పట్టించిందో తర్వాత చెప్తాను.

మేం వెళ్లేముందు చేసినవి

ఎదుగుదల ఆగినట్టు కనిపించిన ప్రతిసారీ డోసు పెంచారు. విటమిన్ సి రెట్టింపు చేశారు. ఇంకో రకం లివర్ టానిక్ జోడించి చూశారు. గట్ ప్రోబయోటిక్ కలిపారు. ప్రతిసారీ రెండు మూడు రోజులు మేత ఎత్తడం (తినడం) బాగుపడి, మళ్లీ పడిపోయేది. దాంతో మందు సరైందే, డోసు చాలడం లేదన్న నమ్మకం కుదిరింది.

పుస్తకం తిరగేస్తే వేరే సంగతి కనిపించింది. కొత్త మందు మొదలుపెట్టిన ప్రతిసారీ ఆయన అదే రోజు మేత తగ్గించారు, కొంత నీరు మార్చారు. ఒకటి రెండుసార్లు ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) అదనంగా తిప్పారు. మేత తగ్గిస్తే ట్రేలు ఎలాగూ ఖాళీ అవుతాయి. నీరు మారితే రొయ్య ఎలాగూ తేరుకుంటుంది. ఆ మెరుగు మందు ఖాతాలో పడింది. మందుల మీద నమ్మకం ఫారాల్లో ఎక్కువగా ఇలాగే పెరుగుతుంది. ఒకే రోజు నాలుగు మార్పులు చేసి, డబ్బు పెట్టి కొన్నదానికి పేరు ఇస్తాం.

మొదటి నిర్ణయం: పోషణ గురించి మాట్లాడే ముందు జబ్బు లేదని తేల్చుకోవడం

ఎదుగుదల ఆగడం, సైజు తేడాలు, పాలిన హెచ్‌పీ, ఇవన్నీ ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి వచ్చినా ఇలాగే ఉంటాయి. ఆ పరీక్ష చేయకుండా విటమిన్ల చర్చ పెట్టుకుంటే అది ఊహాగానమే. అందుకే తెల్ల మచ్చల వైరస్‌కీ, ఈహెచ్‌పీకీ, హెచ్‌పీని దెబ్బతీసే బ్యాక్టీరియా జబ్బు ఏహెచ్‌పీఎన్‌డీ విషపు జన్యువుకీ పీసీఆర్ (జన్యు పరీక్ష) చేయించాం. మూడూ నెగెటివ్. టీసీబీఎస్ ప్లేట్ల (విబ్రియోని పెంచి చూసే ల్యాబ్ పళ్లేల) మీద విబ్రియో బ్యాక్టీరియా ఉంది గానీ, చెరువులో మామూలుగా కనిపించే స్థాయి దాటలేదు.

హెచ్‌పీని నలిపి మైక్రోస్కోప్ కింద చూస్తే కొవ్వు బిందువులు బాగా తగ్గిపోయి ఉన్నాయి, నాళికలు ముడుచుకుపోయాయి. పరాన్నజీవులు లేవు. కొవ్వు బిందువులు తగ్గాయంటే రొయ్య సరిగా తినడం లేదనైనా, తిన్నది నిలవ చేసుకోలేకపోతోందనైనా అర్థం. ఈ రెండిట్లో ఏది అన్న ప్రశ్నే మమ్మల్ని మేత దగ్గరికీ నీటి దగ్గరికీ పంపింది.

లూజ్ షెల్ కాబట్టి నీటి మినరల్స్ కూడా చూశాం. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం, ఆల్కలినిటీ ఆ ఉప్పుదనానికి తగ్గట్టే ఉన్నాయి. పెంకు మెత్తబడటానికి నీరు కారణం కాదని అక్కడ తేలింది.

రెండో మెట్టు: తెల్లవారుజామున నీరు

పగటిపూట కొలతలన్నీ బాగున్నాయి. మధ్యాహ్నం ఆక్సిజన్ అవసరానికి మించి ఉంది, ఎందుకంటే బ్లూమ్ (నీటిలో తేలే సూక్ష్మ నాచు) చిక్కగా ఉంది. అదే చెరువులో సూర్యోదయానికి ముందు అడుగు దగ్గర కొలిస్తే లీటరుకు 3 మిల్లీగ్రాములు కూడా లేదు. వనామికి 4కి పైన ఉండాలని చూసుకుంటాం. మేత మిగిలి, అడుగున నల్ల బురద పేరుకుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా రాత్రంతా ఆక్సిజన్ లాగేస్తోంది.

ఆక్సిజన్ తగ్గడం ఒక దెబ్బ అయితే, తగ్గి మళ్లీ ఒక్కసారిగా పెరగడం ఇంకో దెబ్బ. ఊపిరాడని సమయంలో కణాల్లో శక్తి తయారీ గొలుసు స్తంభిస్తుంది. ఆక్సిజన్ తిరిగి రాగానే ఆ గొలుసులోంచి ఎలక్ట్రాన్లు జారి సూపర్ ఆక్సైడ్ అనే ఫ్రీ రాడికల్ (కణాల్ని దెబ్బతీసే చురుకైన రసాయనం) పుడుతుంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైమ్ దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ పెరాక్సైడ్‌ని కెటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ నీళ్లుగా విడగొడతాయి. సెలీనియం అవసరం ఈ చివరి ఎంజైమ్ దగ్గరే వస్తుంది. అంటే ఈ రొయ్యలకి ఆక్సిడేటివ్ స్ట్రెస్ (ఇలాంటివి ఎక్కువై కణాలు దెబ్బతినడం) నిజంగానే ఉంది, యజమాని అనుమానం వట్టిది కాదు. కాకపోతే అది రోజూ తెల్లవారుజామున కొత్తగా పుడుతోంది. పుట్టే చోటు చెరువు అడుగు అయినప్పుడు బకెట్లో ఎంత విటమిన్ కలిపినా మర్నాడు మళ్లీ మొదటికే వస్తాం.

మూడో మెట్టు: బకెట్

మందులు కలిపే షెడ్‌లో ముందు ముక్కుకే తెలిసింది. చేపనూనె డబ్బా మూత సరిగా పడటం లేదు, సగం ఖాళీ, రేకు కప్పు కింద వేడి. వాసన చేపది కాదు, పాత పెయింట్‌ది.

చేపనూనెకి విలువ ఇచ్చే డీహెచ్ఏ, ఈపీఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లాలే దాని బలహీనత కూడా. డీహెచ్ఏలో ఆరు ద్విబంధాలు, ఈపీఏలో ఐదు. ద్విబంధాలు పెరిగేకొద్దీ గాలిలోని ఆక్సిజన్‌కి పట్టు దొరుకుతుంది. నూనెని ల్యాబ్‌కి పంపితే పెరాక్సైడ్ విలువ 6 వచ్చింది. ఆ ఒక్క అంకె చూస్తే "పర్వాలేదు" అనిపిస్తుంది. అనిసిడిన్ విలువ కూడా అడిగాం, అది 58. పెరాక్సైడ్ విలువని రెండుతో హెచ్చించి దీనికి కలిపితే వచ్చేదాన్ని టోటాక్స్ అంటారు, ఇక్కడ అది 70. మనుషుల కోసం అమ్మే ఒమేగా-3 నూనెలకి పరిశ్రమ పెట్టుకున్న హద్దులు పెరాక్సైడ్ 5, అనిసిడిన్ 20, టోటాక్స్ 26.

పెరాక్సైడ్ ఒక్కటే చూసి నూనెని పాస్ చేయకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. నూనె చెడేటప్పుడు పెరాక్సైడ్లు ముందు పెరుగుతాయి, తర్వాత విరిగి ఆల్డిహైడ్లుగా మారుతూ తగ్గిపోతాయి. బాగా పాతబడిన నూనెలో పెరాక్సైడ్ తక్కువ కనిపించడం మామూలే. ఆల్డిహైడ్లని పట్టుకునేది అనిసిడిన్ పరీక్ష. చెడ్డ నూనె చేపకీ రొయ్యకీ హాని చేస్తుందన్నది కొత్త విషయం కాదు. ఆక్సిడైజ్ అయిన పట్టుపురుగు ప్యూపాలు మేపిన సాధారణ కార్ప్ చేపల్లో వీపు కండ కరిగిపోయే జబ్బు జపాన్‌లో దశాబ్దాల కిందటే గుర్తించారు, విటమిన్ ఇ ఇస్తే అది ఆగింది.

"నూనెతో పాటు విటమిన్ ఇ కలుపుతున్నాం కదా, అది నూనెని కాపాడదా?" అని యజమాని అడిగారు. మంచి ప్రశ్న, జవాబు లేబుల్ మీదే ఉంది. ఆ పొడిలో ఉన్నది టోకోఫెరిల్ ఎసిటేట్. ఎసిటేట్ రూపంలో విటమిన్ ఇ నిలవకి గట్టిది, కానీ దాని పనిచేసే కొస మూసి ఉంటుంది. పేగులో ఎంజైములు ఆ కొసని తెరిచాకే అది యాంటీఆక్సిడెంట్. బకెట్లోని నూనెకి దానివల్ల ఒరిగేది శూన్యం. శరీరంలో కూడా విటమిన్ ఇ ఒక్కటే తిరగదు. ఒక ఫ్రీ రాడికల్‌ని ఆపాక తనే రాడికల్‌గా మిగులుతుంది, దాన్ని మళ్లీ పనికొచ్చే రూపానికి తెచ్చేది విటమిన్ సి. సి అందకుండా ఇ ఎక్కువై, పైగా చెడ్డ కొవ్వు వస్తుంటే, ఇ నుంచి పుట్టిన రాడికలే కొవ్వు చెడే క్రియని ముందుకు నడిపే పరిస్థితి వస్తుంది.

మరి విటమిన్ సి అందుతోందా? కిలోకి 10 గ్రాములంటే 10,000 మిల్లీగ్రాములు. స్థిరమైన రూపంలో ఇస్తే రొయ్య అవసరం పదుల నుంచి నూరు పైచిలుకు మిల్లీగ్రాములతో తీరిపోతుంది. కానీ ఇది మామూలు ఆస్కార్బిక్ యాసిడ్. నీళ్లలో కరగగానే ఆక్సీకరణ మొదలవుతుంది. రొయ్య చేపలా గబుక్కున మింగదు, ముక్క పట్టుకుని కొరుక్కుంటూ తింటుంది. ఆలోగా గుళిక నీళ్లలో నాని పైపూత కరిగిపోతుంది. కలిపినదాంట్లో ఎక్కువ భాగం చెరువుకి వెళ్తోంది.

అంతకన్నా ముఖ్యం, అదే బకెట్లో మినరల్ మిక్స్ ఉంది, అందులో ఐరన్, కాపర్ సల్ఫేట్లు ఉన్నాయి. విటమిన్ సి ఫెర్రిక్ ఐరన్‌ని ఫెర్రస్‌గా మారుస్తుంది. ఫెర్రస్ ఐరన్ హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, కొవ్వుని చెడగొట్టడంలో దానంత దూకుడైనది లేదు. దీన్ని ఫెంటన్ చర్య అంటారు. పక్కనే ఉన్న నూనెలోని పెరాక్సైడ్లతో కలిసినా ఫెర్రస్ ఐరన్ అలాంటి రాడికల్స్‌నే పుట్టిస్తుంది. అంటే ఆ బకెట్లో విటమిన్ సి నూనెని కాపాడకపోగా, ఐరన్‌తో కలిసి దాన్ని ఇంకా చెడగొడుతోంది. నిప్పు ఆర్పడానికి తెచ్చిన నీళ్ల బిందెలో ముందు నూనె పోసుకున్నట్టు అయింది.

నాలుగో మెట్టు: సెలీనియం లెక్క

ఇక్కడ కాగితం, పెన్ను చాలు. విటమిన్ ఇ - సెలీనియం పొడి లేబుల్ మీద కిలోకి 200 మిల్లీగ్రాముల సెలీనియం. కిలో మేతకి 5 గ్రాములు వేస్తే 1 మిల్లీగ్రాము. లివర్ టానిక్‌లో కిలోకి 100, 5 గ్రాములకి అర మిల్లీగ్రాము. మినరల్ మిక్స్‌లో కిలోకి 50, 10 గ్రాములకి ఇంకో అర. పైన చేర్చిందే కిలో మేతకి 2 మిల్లీగ్రాములు. మేతలో చేపపొడి ద్వారా, ప్రీమిక్స్ ద్వారా వచ్చింది దీనికి అదనం.

వనామి అవసరం కిలో మేతకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. యూరోపియన్ యూనియన్ పూర్తి మేతలో మొత్తం సెలీనియంకి పెట్టిన గరిష్ఠ హద్దు 0.5. రెయిన్‌బో ట్రౌట్‌లో కిలోకి 13, చానెల్ క్యాట్‌ఫిష్‌లో 15 మిల్లీగ్రాముల దగ్గర స్పష్టమైన విషలక్షణాలు చూశారు. మన చెరువు ఆ స్థాయికి చాలా దూరం. కాబట్టి "సెలీనియం విషం" అని నేను రాయలేదు, రాయను కూడా. కానీ అవసరానికి ఎన్నో రెట్లు, ప్రతి పూట, వారాల తరబడి. పోషకాల్లో అవసరానికీ హానికీ మధ్య సందు ఇంత ఇరుకుగా ఉండేవి తక్కువ. పైగా సెలినైట్ రూపంలో ఎక్కువైతే అది గ్లుటాథయోన్‌తో చర్య జరిపి తనే సూపర్ ఆక్సైడ్‌ని పుట్టిస్తుంది.

మూడు డబ్బాల మీద మూడు పేర్లున్నాయి, మూడు పనులు రాసి ఉన్నాయి. సెలీనియం మాత్రం మూడింట్లోనూ ఉంది. డబ్బాకి డబ్బా విడిగా చూస్తే ఏ డోసూ పెద్దదిగా కనిపించదు.

ఏం ప్రయత్నించాం, ఏది నిలవలేదు

అన్నీ ఒకేసారి మార్చేయడం తేలిక. చెరువులకి అదే మంచిదేమో కూడా. కానీ అలా చేస్తే బాగుపడ్డా ఎందుకు బాగుపడిందో తెలియదు, వచ్చే పంటకి మళ్లీ అదే బకెట్. చెరువుల్లో రోజువారీ నష్టం తక్కువగా ఉంది కాబట్టి, రెండు విడతల కుబుసం (పెంకు విడవడం) గడిచేదాకా విడదీసి చూసే వీలు ఉందనిపించింది. ఒక్కసారిగా పడిపోయే చెరువైతే ఈ పని చేయను.

యజమాని ఒప్పుకోవడానికి సమయం పట్టింది. "మందులన్నీ ఆపేశాక రేపు ఏదైనా అయితే ఎవరిదండీ బాధ్యత?" అన్నారు. అది న్యాయమైన మాటే. అందుకే అన్ని చెరువుల్లో ఆపమనలేదు. ఏ చెరువులో మరణాలు పెరిగినా ఆ రోజే ప్రయోగం ఆపేస్తామని రాసుకున్నాం.

రెండు చెరువుల్లో మందులు అవే ఉంచి, చేపనూనె బదులు నూనె లేని జెల్ బైండర్ పెట్టాం. రెండిట్లో మందులు, నూనె అన్నీ ఆపి కొన్న మేతని కొన్నట్టే వేయించాం. మిగతా రెండిట్లో బకెట్ జోలికి పోలేదు. అక్కడ మేత ట్రేని బట్టి తగ్గించి, రాత్రి ఏరేటర్లు పెంచి, నడుమ పేరుకున్న బురద తీయించాం.

నూనె మార్చిన చెరువుల్లో కొద్దిరోజుల్లోనే ట్రేలు ఖాళీ కావడం మొదలైంది. రొయ్యకి ఆ వాసన నచ్చడం లేదన్నది అక్కడే తెలిసిపోయింది. కానీ పెంకు అంతగా గట్టిపడలేదు, తెల్లవారుజామున చనిపోవడం ఆగలేదు. మేం అక్కడితో ఆగి ఉంటే "నూనె మారిస్తే సగం బాగుపడింది, మిగతా సగానికి ఇంకో మందు" అనే దారిలోనే వెళ్లేవాళ్లం.

అన్నీ ఆపేసిన చెరువుల్లో మేత బాగా ఎత్తింది, రెండో కుబుసం తర్వాత పెంకు గట్టిపడింది, హెచ్‌పీలో కొవ్వు బిందువులు తిరిగి కనిపించాయి. మరణాలు మాత్రం దాదాపు అలాగే ఉన్నాయి. వాటిలో బురద ఎక్కువున్న చెరువులో కాస్త ఎక్కువే.

ఆక్సిజన్ సరిచేసిన చెరువుల్లో దీనికి సరిగ్గా తలకిందులు. మరణాలు బాగా తగ్గాయి. మేత ఎత్తడంలో, పెంకులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇలా విడిపోవడంతో ఒక సమస్యగా కనిపించింది రెండని తేలింది. చావులు నీటివి. ఎదుగుదల, పెంకు బకెట్‌వి. ఒకదానికి చేసిన వైద్యం రెండోదాన్ని తాకలేదు. ఇన్నాళ్లూ రెండిటికీ కలిపి ఒకే మందు పెంచుకుంటూ పోయారు.

ఏది పనిచేసింది

ఆరు చెరువుల్లోనూ రెండు మార్పులూ కలిపాం. పై మందులన్నీ ఆగాయి, చేపనూనె డబ్బా బయటికి వెళ్లింది. మేత గోదాంలో బస్తాలు నేల మీంచి, గోడ నుంచి ఎడంగా పెట్టించి, ముందు వచ్చింది ముందు వాడేలా చేశాం. మినరల్స్ అవసరమైతే నీళ్లలోనే వేయమన్నాం. కాల్షియం, మెగ్నీషియం, పొటాషియంలని రొయ్య నీటి నుంచి తీసుకోగలదు, వాటి కోసం ఐరన్, కాపర్‌ని విటమిన్ల పక్కన కూర్చోబెట్టాల్సిన పని లేదు. ఆక్సిజన్ కొలత మధ్యాహ్నం నుంచి తెల్లవారుజాముకి మారింది.

కొన్ని వారాల్లో ఎదుగుదల మళ్లీ దారిలో పడింది. కోల్పోయిన సైజు పూర్తిగా తిరిగి రాలేదు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) అనుకున్నదానికన్నా వెనకే ఉంది.

ఇక్కడ ఒక యాంటీఆక్సిడెంట్‌ని మేమే తిరిగి తెచ్చాం. చెరువుల్లో కొంత సరుకు ముందు పట్టి, మిగతాది పెరగనివ్వాలని యజమాని ప్లాన్. వల లాగినప్పుడు మిగిలిన రొయ్యలకి గట్టి ఒత్తిడి ఉంటుంది. దానికి ముందు కొద్దిరోజులు, తర్వాత కొద్దిరోజులు విటమిన్ సి ఇచ్చాం. రూపం మార్చాం: ఆస్కార్బిల్ పాలీఫాస్ఫేట్. ఫాస్ఫేట్ తొడుగు వల్ల గాలికీ వేడికీ నీటికీ తట్టుకుంటుంది, పేగులో విడిపోయి విటమిన్ సి అవుతుంది. డోసు కిలో మేతకి కొన్ని వందల మిల్లీగ్రాములు, ముందటి దానితో పోలిస్తే చిటికెడు. జెల్ బైండర్‌తో, మినరల్స్ లేకుండా, ఏ పూటది ఆ పూటే కలిపి. ఒత్తిడి ఎప్పుడు వస్తుందో ముందే తెలిసినప్పుడు, అది కొద్దికాలమే ఉంటుందన్నప్పుడు యాంటీఆక్సిడెంట్‌కి అర్థం ఉంది. సీడు రవాణా, నర్సరీ నుంచి పెద్ద చెరువుకి మార్చడం, బ్రూడ్‌స్టాక్ (తల్లి రొయ్యల) మేత, కొవ్వు ఎక్కువున్న మేత ఆ కోవలోవే. ఎక్కువ చేపలూ, రొయ్యలూ విటమిన్ సి తయారు చేసుకోలేవు, మేతలోనే అందాలి. లోపిస్తే చేపల్లో వెన్ను వంకర పోతుంది, రొయ్యల్లో పెంకు కింద నల్ల మచ్చలు వస్తాయి. కాబట్టి ఇది "విటమిన్లు వద్దు" అనే కేసు కాదు.

దీన్నుంచి నా పనిలోకి వచ్చినవి

ఇప్పుడు ఏ ఫారంకి వెళ్లినా మందుల డబ్బాలన్నీ ఒక వరసలో పెట్టించి, లేబుళ్ల మీది పదార్థాలని ఒక పట్టికలో రాయిస్తాను. మేత బస్తా కూడా ఆ వరసలో ఉండాలి. సెలీనియం, విటమిన్ ఇ, కాపర్ నిలువు వరసలు కూడితే ఆశ్చర్యపోయేవాళ్లే ఎక్కువ. పదార్థాల వివరాలు లేని టానిక్‌ని వరసలోంచి తీసేయిస్తాను. కారణం ఆరోగ్యం ఒక్కటే కాదు. మేతలూ చేపపొడీ చెడకుండా వాడే ఎథాక్సీక్విన్ వ్యవహారం చూశాం. 2012లో జపాన్ రొయ్యల్లో దాని అవశేషాలకి 0.01 పీపీఎం హద్దు పెట్టి కన్సైన్‌మెంట్లు ఆపింది, 2014లో దాన్ని 0.2కి పెంచింది. యూరోపియన్ యూనియన్ 2017లో మేతల్లో దాని అనుమతినే నిలిపివేసింది. డబ్బాలో ఏముందో తెలియకుండా వాడితే ఆ లెక్క రొయ్యలు పట్టిన తర్వాత ల్యాబ్‌లో తేలుతుంది.

ఇంకో విషయం అమ్మేవాళ్లు చెప్పరు. ఫ్రీ రాడికల్స్ అన్నీ శత్రువులు కావు. రొయ్య రక్తకణాలు లోపలికి వచ్చిన బ్యాక్టీరియాని చంపడానికి సూపర్ ఆక్సైడ్‌ని తామే తయారు చేసి వదులుతాయి. జబ్బుతో పోరాడుతున్న చెరువులో యాంటీఆక్సిడెంట్ డోసు పెంచుకుంటూ పోవడం రక్షణ పెంచడమే అని తేల్చేయకూడదు.

ఇక ఆ రంగు సంగతి. రొయ్య అస్టాజాంథిన్‌ని సొంతంగా తయారు చేసుకోలేదు, మేతలోంచి తీసుకుని పెంకు కిందా, చర్మంలోనూ ఒక ప్రోటీన్‌తో ముడివేసి దాచుకుంటుంది. ఉడికిస్తే ఆ ముడి ఊడి ఎరుపు బయటపడుతుంది. చెరువు నీరసంగా ఉన్న రోజుల్లో కూడా ఆ మందు తన పని తాను చేసింది, అందుకే రంగు బాగుంది. హెచ్‌పీ పాలిపోతుండగా రంగు మెరవడం వింతేం కాదు. ఈ ఫారంలో వాడిన వాటిలో కంటికి కనిపించే ఫలితం ఇచ్చింది అదొక్కటే. మిగతా వాటిక్కూడా దాని పేరు మీద మార్కులు పడ్డాయి.

తర్వాతి పంటకి యజమాని అన్నీ మానేసినా అస్టాజాంథిన్ మాత్రం చివరి వారాల్లో వాడతానన్నారు, కొనేవాళ్లు రంగు చూస్తారు కాబట్టి. నేను అడ్డు చెప్పలేదు. పుస్తకంలో దాని ఖర్చుని "ఆరోగ్యం" కింద కాకుండా "రంగు" అని వేరే వరసలో రాయమన్నాను. ఆయన అలాగే రాస్తున్నారు. తెల్లవారుజాము ఆక్సిజన్ వరస దాని పక్కనే ఉంది.